గుమాస్తా గారి కారు

(కైకలూరులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శి గారు నాతో మాత్రం, "మీరు దయచేసి బకాయిల జోలికి పోకండి. మీ పాత కారు గురించి చెప్పండి. ఆడవాళ్లు, పిల్లలు కూడా వచ్చారు, కాస్త ఊపిరి పీల్చుకుంటారు" అన్నారు. ఆజ్ఞ శిరసావహించి కారు గురించే చెబుతాను.

మీలో చాలామందికి మా కారు తెలుసు. సంతకు వెళ్లే దారిలో ఎప్పుడో ఒకప్పుడు మీరు దాన్ని తోసే ఉంటారు. తోసిన వారందరికీ ఈ సభాముఖంగా కృతజ్ఞతలు. అది లేత నీలం రంగు స్టాండర్డ్ హెరాల్డ్, 1969లో రిజిస్టరయింది. రెండే తలుపులు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి తయారు చేసిన బండి. దీని అసలు పుట్టిల్లు ఇంగ్లాండు. అక్కడ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో విడుదలయింది. రూపు గీసినాయన మైకెలాట్టి అనే ఇటలీ దేశస్థుడు. అంటే ఇటలీ వాడు గీస్తే, ఇంగ్లీషు వాడు చేస్తే, మద్రాసు వాడు బిగిస్తే, చివరికి కొల్లేటి ఒడ్డున ఒక గుమాస్తా పాలబడింది.

ఆ రోజుల్లో మన దేశంలో కారంటే ముఖ్యంగా మూడు రకాలే. కలకత్తా వైపు నుంచి అంబాసిడరు, బొంబాయి నుంచి ఫియట్టు, మద్రాసు నుంచి స్టాండర్డు. అంబాసిడరు ఆఫీసర్లది, ఫియట్టు షావుకార్లది, హెరాల్డు డాక్టర్లదీ లాయర్లదీ అని మా చిన్నప్పుడు ఒక లెక్క ఉండేది. మా ఊళ్లో కూడా అది ఒక డాక్టరు గారిదే.

నాకు ఆ కారు మీద మోజు ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. 1979లో మా ఆవిడకు నెలలు నిండాయి. ఒక రాత్రి పదకొండు గంటల వేళ నొప్పులు మొదలై పరిస్థితి అడ్డం తిరిగింది. బస్సుల్లేవు, రైలు తెల్లవారితే గాని లేదు. డాక్టరు గారి తలుపు తట్టాను. ఆయన లుంగీ మీదనే చొక్కా వేసుకుని వచ్చి, మా ఆవిడనూ మా అత్తగారినీ వెనక సీట్లో కూర్చోబెట్టి, నన్ను పక్కన ఎక్కించుకుని మండవల్లి, ముదినేపల్లి మీదుగా గుడివాడ తీసుకుపోయారు. వర్షాకాలం. రోడ్డు మీద గుంటలు, గుంటల్లో నీళ్లు. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గుడివాడలో మా అమ్మాయి పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. తెల్లారాక నేను పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే, "కారు కడిగించు, చాలు" అన్నారు. నేనే కడిగాను. ఒక కారును అంత దగ్గరగా చూడడం, ముట్టుకోవడం నాకదే మొదలు.

తొమ్మిదేళ్ల తర్వాత డాక్టరు గారు కాలం చేశారు. పిల్లలు దూరప్రాంతాల్లో స్థిరపడ్డారు. కారును పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేస్తున్నారని తెలిసింది. నేను అప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. వెళ్లి, ఇనుము వాడు ఇస్తానన్న దానికి రెట్టింపు ఇస్తానన్నాను. వాళ్లు పెద్ద మనసుతో పన్నెండు వేలకు ఒప్పుకున్నారు. జి.పి.ఎఫ్. అప్పు ఆరు వేలు, చీటీ పాట డబ్బు మూడు వేలు, మా ఆవిడకు పుట్టింటివారిచ్చిన అరెకరం మీద వచ్చిన రెండేళ్ల కౌలు మూడు వేలు. ఆ కౌలు డబ్బు ఇవ్వడానికి ఆవిడ నన్ను ఇరవై రోజులు తిప్పించుకుంది. "ఇంటికి సున్నం వేయించి ఆరేళ్లయింది, మీకు కారు కావాలా?" అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కారు ఇంటికొచ్చిన ఏడాదికి ఆకాశరామన్న అర్జీ పడింది. కొల్లేటి చుట్టూ చేపల చెరువులు జోరుగా తవ్వుతున్న రోజులవి. "ఫలానా గుమాస్తా చెరువుల వాళ్ల దగ్గర తిన్న డబ్బుతో కారు కొన్నాడు, విచారించవలెను" అని రాశారు. గుమాస్తా జీతానికి కారు కనిపిస్తే ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది. అర్జీ రాసిన వారిని నేను పెద్దగా తప్పు పట్టను. విచారణ ఎనిమిది నెలలు సాగింది. ఆ మధ్యలోనే ప్రమోషను జాబితా వచ్చింది, నా పేరు పక్కన పెట్టారు. నా వెనక చేరినవారు ముందుకు వెళ్లారు. ఆఫీసులో నేను లోపలికి వస్తే మాటలు ఆగిపోయేవి. ఒక రాత్రి భోజనాల దగ్గర, "రేపే ఈ దరిద్రాన్ని అమ్మేస్తాను" అన్నాను. కారు వద్దన్న మా ఆవిడే అడ్డం తిరిగింది. "ఇప్పుడు అమ్మితే తప్పు చేశామని మనమే ఒప్పుకున్నట్టు. అమ్మడానికి వీల్లేదు" అన్నది.

ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం కారు కొన్న సంగతి నేను ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేశాను. దాని నకలు ఉంది. జి.పి.ఎఫ్. కాగితం ఉంది. కానీ కొన్నాక పెట్టిన మరమ్మతు ఖర్చు ఎక్కడిదని విచారణాధికారి అడిగారు. అప్పుడు మా ఆవిడ తన పద్దుల పుస్తకం ఇచ్చి పంపింది. ఆవిడ ఐదో తరగతి చదివింది గాని లెక్కల్లో నన్ను మించినది. పెళ్లయిన నాటి నుంచి ఇంటి ఖర్చు అణా పైసలతో రాసింది. అందులో కారు ఖర్చు కూడా ఉంది. "పాలు, కందిపప్పు, అమ్మాయి పలక, కారుకు స్పార్కు ప్లగ్గులు నాలుగు" అని ఒకే పేజీలో ఉంటుంది. ఆ అధికారి అరగంట సేపు పేజీలు తిప్పి, "ఏమయ్యా, నెలాఖరున కూరలు మానేసి కార్బురేటరు బాగుచేయించావా?" అన్నారు. అవునన్నాను. "ఆరోపణకు ఆధారము లేనందున అర్జీ మూసివేయడమైనది" అని రాశారు. ప్రమోషను మాత్రం ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది. ఆ తేడా నా పెన్షనులో ఇప్పటికీ ఉంది.

అందుకే ఆనాటి నుంచి కారుకు ఒక ప్రత్యేక పుస్తకం పెట్టాం. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, పెట్టిన ఖర్చు. మొదట భయంతో పెట్టిన పుస్తకం అది. తర్వాత దానివల్లనే కారు బతికింది. పాత కారు బాగు చేసుకోవడానికి డబ్బున్న మారాజు అయి ఉండాలని అందరూ అనుకుంటారు. కాదండీ. మనం ఆఫీసులో చేసిన పనే. ఫైలు సరిగా ఉంచడం, గడువు తప్పకపోవడం, ఒక కాగితం కోసం పది చోట్ల తిరగగల ఓపిక. ఇంతే.

ఒకసారి ఫైలు చదవనందుకు శిక్ష కూడా అనుభవించాను. హెరాల్డు ముందు చక్రాలను నిలబెట్టే ఇనుప స్తంభం కింది కొన మరలా ఉండి, ఒక ఇత్తడి దిమ్మలోకి బిగిసి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మర అందులో తిరుగుతుంది. దాన్ని ట్రూనియన్ అంటారు. దానికి గేరు ఆయిలే పోయాలి. గ్రీజు పెడితే అది మర లోపలి దాకా దిగదు, నీళ్లు దిగుతాయి, తుప్పు పట్టి ఒక రోజున పుటుక్కున తెగుతుంది. మా మేస్త్రీ అన్ని బండ్లకు కొట్టినట్టే గ్రీజు గన్ను పెట్టి కొట్టేవాడు, నేను నిలబడి చూసేవాణ్ణి. 1993లో మండవల్లి దాటాక ఒక మలుపులో ఎడమ చక్రం పక్కకు మడుచుకు పడిపోయింది. అదృష్టం బాగుండి నెమ్మదిగా పోతున్నాం. మా ఆవిడా అమ్మాయీ కారులోనే ఉన్నారు. కారు గట్టు మీద ముక్కు ఆనించి ఆగింది. రెండడుగుల అవతల పంట కాలువ.

ఆ రాత్రి ఇంటికొచ్చి డాక్టరు గారి పిల్లలు కారుతో పాటు ఇచ్చిన కంపెనీ పుస్తకం తీశాను. అందులో స్పష్టంగా, అక్కడ ఆయిలు మాత్రమే వాడమని ఉంది. ఐదేళ్లుగా అది నా అలమరాలోనే ఉంది. పదిమంది ఫైళ్లు చదివినవాణ్ణి, నా ఫైలు నేను చదవలేదు. మేస్త్రీని ఏమనగలను? మర్నాడు పుస్తకం తీసుకువెళ్లి అతనికి తెలుగులో చదివి వినిపించాను. అతను తలదించుకుని, "గుమాస్తా గారూ, ఇంకేమేం రాశాడో మొత్తం చదవండి" అన్నాడు. ఆదివారాలు నాలుగు పూర్తిగా అదే పని. నేను చదవడం, అతను బండి కింద పడుకుని సరిచూడడం. మా ఇద్దరికీ హెరాల్డు అప్పుడు అర్థమయింది.

ట్రూనియన్ల కోసం మద్రాసు పుదుపేట వెళ్లాను. పాత కార్ల విడిభాగాలకు అది పెట్టింది పేరు. విప్పిన కార్ల గుట్టల మధ్య రెండు రోజులు తిరిగితే ఒక జత దొరికింది. టవల్లో చుట్టుకుని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. లేత్ పనులకు మాత్రం విజయవాడ జవహర్ ఆటోనగరే. అక్కడి పనివాళ్ల చేతి నేర్పు ఎంతటిదో చూసిన వాళ్లకే తెలుస్తుంది. విరిగిన ముక్క చేతిలో పెడితే, కొత్త ముక్క సాయంత్రానికి చేతిలో పెడతారు.

హెరాల్డులో గుమాస్తాకు పనికొచ్చే గుణాలు మూడున్నాయి. ఒకటి, బానెట్టు ముందు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలిపోతుంది. ముందు టైరు మీదే కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. రెండు, బాడీ అంతా ఒకే ముక్క కాదు, భాగాలు భాగాలుగా చాసిస్ మీద బోల్టులతో బిగించి ఉంటుంది. ఒక ఏడాది ఒక ముక్క, వచ్చే ఏడాది ఇంకో ముక్క విప్పి బాగు చేసుకోవచ్చు. ఇంక్రిమెంట్లతో బతికేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మూడు, 25 అడుగుల వ్యాసంలో మొత్తం చుట్టూ తిరిగిపోతుంది. మా సందులోకి ఇంకే కారూ రాదు. లోపాలూ చెప్పాలి. మొదటి గేరు పడాలంటే బండి పూర్తిగా ఆగాలి, లేకపోతే గర్రుమని పళ్లు కొరుకుతుంది. ఇంజను 948 సి.సి. మాత్రమే. వంతెన ఎక్కేటప్పుడు ఏ.సి. బస్సుల వాళ్లు మనకేసి జాలిగా చూస్తారు.

మన ప్రాంతంలో పాత బండికి అసలు శత్రువు చెమ్మ. కొల్లేటి గాలి, నల్లరేగడి బురద. బురద చాసిస్ మూలల్లో చేరి ఎండదు, లోపల్లోపల ఇనుమును తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. 1996లో బాడీ విప్పి చూస్తే చాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతుల్లో రెండు వేలితో పొడిస్తే రాలాయి. అవి కోసి, కొత్త రేకు వెల్డింగు చేయించి, రెడ్ ఆక్సైడు కొట్టించడానికి ఒక వేసవి సెలవులన్నీ పట్టాయి. అమ్మాయి పదిహేడేళ్లది. గీకుడు కాగితం పట్టుకుని తుప్పు గీకింది. పెళ్లి కావలసిన పిల్ల చేతులేమిటి ఇలా ఉన్నాయని మా ఆవిడ గోల.

2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు దేశంలో ఆగిపోయింది. పిల్లల ఆరోగ్యానికి అది మంచి నిర్ణయం. కాని పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోట ఆ సీసమే మెత్తలా పనిచేసేది. అది లేకపోతే ఆ ఇనుము అరిగిపోతుంది. హెడ్డు ఊడదీసి ఆటోనగర్లో గట్టి లోహపు రింగులు దిగగొట్టించాం. ఇప్పుడేమో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ వస్తోంది. అది చెమ్మను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. గొట్టాలన్నీ దానికి తట్టుకునే రకానివి మార్పించాను. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచను.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా పోలేను. 2014లో మా ఆవిడ పోయింది. ఆ తర్వాత మూడేళ్లు నేను కారు షెడ్డు తలుపు తీయలేదు. పుస్తకంలో అప్పటిదాకా రాసినవన్నీ ఆవిడ చేతి రాతే. నేను చెప్పేవాణ్ణి, ఆవిడ రాసేది. ఆవిడ లేకపోయాక ఏం రాయాలి, ఎవరికి చెప్పాలి అనిపించింది. 2017లో అమ్మాయి వచ్చి బలవంతంగా తలుపు తీయించింది. ముప్పై ఏళ్లు తిరిగినప్పుడు కలగని నష్టం, మూడేళ్లు ఊరికే నిలబడినందుకు కలిగింది. బ్రేకులు పట్టేశాయి. పెట్రోలు జిగురై కార్బురేటరు మూసుకుపోయింది. ఎలుకలు సీటులో కాపురం పెట్టి వైర్లు కొరికాయి. టైర్లు నిలబడ్డ చోటే చదునయ్యాయి. ఇంజను చేత్తో తిప్పితే కదల్లేదు.

మా పాత మేస్త్రీకి అప్పటికి చూపు తగ్గి పని మానేశాడు. అయినా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ప్లగ్గులు తీసి లోపల ఆయిలు పోయించి వారం రోజులు ఆగమన్నాడు. "తొందరపడి తిప్పితే విరుగుతుంది బాబుగారూ, నానాలి" అన్నాడు. ఎనిమిదో రోజున అమ్మాయి, మేస్త్రీ కొడుకు కలిసి తిప్పితే కదిలింది. అన్నీ కుదిరి బండి రోడ్డెక్కేసరికి ఐదు నెలలు పట్టింది. పుస్తకంలో మూడేళ్లకు సరిపడా కాగితాలు ఖాళీగా వదిలేసి, తర్వాతి పేజీలో నా చేత్తో మొదలుపెట్టాను. మొదటి ప్రయాణం కొల్లేటికోట పెద్దింట్లమ్మ వారి గుడికి. ఆవిడ ప్రతి ఫాల్గుణ మాసంలో జాతరకు ఆ కారులోనే వెళ్లేది.

మన బోటి వాళ్లం కారుకు, మనకు పోలికలు చూసుకోవడం సహజం. మనకు పదిహేనేళ్లకు కమ్యూటేషను తిరిగి వస్తుంది, బండికి పదిహేనేళ్లకు రిజిస్ట్రేషను పోతుంది. ఆ తర్వాత మనం బతికే ఉన్నామని ఏటా నిరూపించుకోవాలి, అది ఐదేళ్లకొకసారి నిరూపించుకోవాలి. ఆ లెక్కన అదే నయం. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది గదా. నేనూ కారూ షెడ్డులోంచి కదలకుండానే జిల్లా మారాం. బదిలీ ప్రయాణ భత్యం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పాత బండ్లంటే ప్రపంచంలో ఎన్నో లెక్కలున్నాయి. ఇంగ్లాండులో వింటేజి అంటే 1919 నుంచి 1930 దాకా చేసినవే. లండను నుంచి బ్రైటనుకు ఏటా జరిగే ఊరేగింపులో 1905కు ముందు పుట్టిన కార్లే పాల్గొనాలి. మన దేశంలో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక వారు 1964లో పాత కార్ల పోటీ మొదలుపెట్టారు. హైదరాబాదు వెళితే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూడండి. కోయంబత్తూరులో జీడీ కార్ల మ్యూజియం ఉంది. నిజాము గారి కారు అంతటి కారు గదా, అది తిరిగింది చాలా తక్కువని చెబుతారు. మా కారు మాత్రం ఆసుపత్రికి వెళ్లింది, పెళ్లికి వెళ్లింది, చావుకు వెళ్లింది, బియ్యం బస్తాలు మోసింది. గొప్పతనంలో దానికి సరితూగదు గాని అనుభవంలో ఇదే పెద్దది.

మన ప్రభుత్వం 2021 జూలైలో యాభై ఏళ్లు దాటిన బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. అసలు రూపం చెడకుండా ఉంటే వింటేజిగా నమోదు చేసి, నంబరు ప్లేటు మీద వి.ఏ. అనే అక్షరాలు ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా నమోదుకు రుసుము 20 వేలు. మంచి ఏర్పాటే. కాని అలా నమోదైన బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు మాత్రమే బయటకు తీయాలి. మా కారు మామూలు రిజిస్ట్రేషను గడువు వచ్చే ఏడాది ముగుస్తుంది. వి.ఏ. తీసుకుంటే గౌరవం, ఇంటి ముందు ఫోటోలు. మామూలుది తీసుకుంటే తనిఖీలు, తిప్పలు, కాని తిరగవచ్చు. ఏది తీసుకోవాలా అని ఆర్నెల్లు ఆలోచించాను.

ఆలోచన తేలకముందే ఇంకోటి తేలింది. నాకు రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. నిరుడు ఒక సాయంత్రం మండవల్లి వైపు నుంచి వస్తున్నాను. ఎదుటి లారీ దీపాల వెలుగులో, సైకిలు మీద వస్తున్న స్కూలు కుర్రాడు నాకు కనపడలేదు. పక్కనున్న మా అమ్మాయి కేక వేస్తే బ్రేకు తొక్కాను. చక్రానికి వాడికీ మధ్య మూరెడు దూరం. వాడు నవ్వుతూ పోయాడు. నేను మాత్రం బండి పక్కకు ఆపి, చేతులు వణుకుతుంటే పది నిమిషాలు కూర్చున్నాను. 1993లో చక్రం విరిగినప్పుడు తప్పు చదవని ఫైలుది. ఈసారి తప్పు నా కళ్లది. కారుకు ఐదేళ్లకొకసారి పరీక్ష కావాలనే నేను, నాకు నేను పరీక్ష పెట్టుకోలేదు. అక్కడే తాళం చెవి అమ్మాయి చేతికి ఇచ్చి ఎడమ వైపు సీటులోకి మారాను. ఆ నాటి నుంచి స్టీరింగు పట్టుకోలేదు.

బాధ లేదని చెబితే అబద్ధం. ముప్పై ఏడేళ్లు తిప్పిన చెయ్యి. కాని ఈ సభలో నా వయసు వాళ్లు చాలామంది ఉన్నారు, ఇంకా స్కూటర్లు, కార్లు నడుపుతున్నారు. మీ కళ్లు, చెవులు ఒకసారి పరీక్ష చేయించుకోండి. డాక్టరు వద్దంటే మానేయండి. మనకు జరిగితే మన ఖర్మ. ఎదుటి కుర్రాడికి జరిగితే?

రిజిస్ట్రేషను సంగతి అమ్మాయే తేల్చింది. ఆమె తాడేపల్లిగూడెంలో ఉపాధ్యాయురాలు, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం వస్తుంది. "నాన్నగారూ, ప్రదర్శనకు పెట్టుకోవడానికా దీన్ని మీరు బతికించారు? మామూలుదే తీసుకుందాం. నేను తిప్పుతాను" అన్నది. ఈ కారు వెనక సీట్లో తల్లి ఎంత కష్టపడి వెళితే తాను పుట్టిందో ఆమెకు తెలుసు. అందుకని మామూలు రిజిస్ట్రేషనుకే దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం. ఇప్పుడు పుస్తకంలో రాసేది కూడా ఆమే.

చివరగా, ఇళ్లల్లో పాత కారో స్కూటరో ఉన్నవారికి నా అనుభవంలోని నాలుగు ముక్కలు. వారానికి ఒకసారైనా పది కిలోమీటర్లు తిప్పండి. ఇంటి ముందు ఐదు నిమిషాలు ఇంజను ఆడించి ఆపేస్తే లాభం లేదు, వేడెక్కక ముందే ఆపితే సైలెన్సరులో నీరు చేరుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది, నూలు గుడ్డ కప్పండి. బ్రేకు ఆయిలు రెండేళ్లకొకసారి మార్పించండి, అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, ముందు రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పట్టు బాగుందని పదేళ్ల టైరును నమ్మకండి. ఎలుకలకు సీట్ల కింద కలరా ఉండలు వేయండి, చంటిపిల్లలు ఎక్కేటప్పుడు తీసేయండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక పుస్తకం పెట్టండి. ఏ పని ఎప్పుడు చేయించారో రాయండి. మన తర్వాత చూసుకునే వాళ్లకు అదే ఆస్తి.

పెట్రోలు కాక ఈ కారు మీద ఇన్నేళ్లలో మూడు లక్షల నలభై వేలు ఖర్చయింది. పుస్తకంలో పైసలతో సహా ఉంది. ఎవరైనా ఇప్పుడు అర్జీ పెట్టదలిస్తే అభ్యంతరం లేదు, లెక్కలు సిద్ధం.

వచ్చే నాలుగో ఆదివారం ఉదయం ఏడు గంటలకు కారు ఆటపాక పక్షుల కేంద్రం దాకా వెళుతుంది. చలికాలం గూడబాతులు వేలల్లో ఉంటాయి. వెనక సీటులో ఇద్దరికి చోటుంది, సన్నగా ఉంటే ముగ్గురికి. రావాలనుకునే వారు కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి. తోయవలసిన అవసరం బహుశా రాదు, వస్తే మాత్రం మొహమాట పడకండి.